తొమ్మిది పసుపు రోజాలు

ముత్యాలప్ప ఐదో తంగేడుకు క్షవరం చేస్తున్నాడు. మొదటి నాలుగూ అప్పటికే తలలు దువ్వించుకుని బడికి పోయే పిల్లల్లా వరుసగా నిలబడి ఉన్నాయి. పూత రాలిన కొమ్మను కాయ పట్టకముందే రెండు కణుపుల కిందికి కత్తిరించాలి. అశ్రద్ధ చేస్తే తంగేడు మనిషెత్తు లేస్తుంది. రోజా అంతెత్తు లేవదు. ఈ వరుసలో ఉన్నవి తొమ్మిదీ రోజాలే. ఆ మాట ముత్యాలప్పది కాదు, ప్రతి మొక్క ముందూ పాతిన రేకు పలకది. తెల్ల రంగు మీద ఎర్రటి అక్షరాలు: ‘పసుపు రోజా’.

నల్లమాడ దాటి కదిరి వైపు పోయే దారిలో, ఒక సర్కారు శాఖ వారి అతిథి బంగళా అది. తోటలో ఇరవై నాలుగు రోజాలున్నాయని రిజిస్టరు చెబుతుంది. రిజిస్టరు నోరు విప్పాక మొక్క మాట ఎవరు వింటారు? ఐదేళ్ళ కిందట కరువుకు వెనుక గోడ పక్కన ఒక రోజా ఎండిపోయింది. అప్పటి సూపర్‌వైజరు వచ్చి, వరండాలో నుంచే పలకలు లెక్కపెట్టి, ఇరవై నాలుగూ సరిగ్గా ఉన్నాయని సంతకం గీకి వెళ్ళిపోయాడు. మొక్క చచ్చినా పలక బతికే వైద్యం ఒకటుందని ముత్యాలప్పకు అప్పుడే తెలిసింది.

అయినా పలక వెనుక ఖాళీ నేల బోడిగుండులా కనిపించి మనసు ఒప్పలేదు. రోడ్డు పక్క తంగేడు కాయలు తెచ్చి, గింజల్ని వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, రోజా చచ్చిన గుంటలోనే నాటాడు. తంగేడు వేరు నిలువునా కిందికి దిగుతుంది. ఒకచోట మొలిపించి ఇంకోచోటికి మారిస్తే ఆ వేరు అలుగుతుంది, అందుకే పుట్టినచోటే పెరగనిచ్చాడు. ఏటా ఆ వరుసలో ఒకటో రెండో రోజాలు పోయాయి, ఏటా ఒకటో రెండో తంగేళ్ళు వచ్చాయి. తంగేడును మేకా ముట్టదు, ఎండా ముట్టదు. ఒక్కసారి పాతుకుందంటే ఏళ్ళకేళ్ళు పర్మనెంటు. పాతినవాడు మాత్రం ఇరవై రెండేళ్ళుగా టెంపరరీ. బంగళాకు వచ్చిపోయే ఉద్యోగులందరికీ జీతంలో కరువు భత్యం కలుస్తుంది. దినకూలి మాలి ముత్యాలప్పకు భత్యం పోయి కరువొక్కటే కలిసింది.

అతను సన్నటి మనిషి. మోకాళ్ళు మోచేతుల్లా, మోచేతులు కణుపుల్లా ఉంటాయి. భార్య మారెక్క పోయి మూడేళ్ళు. కొడుకు తిప్పేష్ బెంగళూరులో ఎవరి మేడలకో గారపని చేస్తాడు. ఆ పొద్దున ఎడమ చెయ్యి బరువుగా ఉంది. కత్తెర పనిలే అనుకుని దాన్ని నాలుగుసార్లు విదిలించాడు.

ఆకుల కింద పచ్చటి పురుగుల్ని ఏరి కొబ్బరిచిప్పలో వేసుకున్నాక బిందె ఎత్తాడు. ఒక్కో రోజాకు పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె అని రూలు. దానికోసం టాంకరు రోజూ వచ్చి తొట్టి నింపిపోతుంది. తంగేడుకు ఆ మర్యాద చేస్తే వేరు కుళ్ళి చస్తుంది. మరి ఆ తొమ్మిది బిందెలు? గోడవతల వీధిలో బోరు రెండేళ్ళ కిందటే గాలి కక్కింది. ఆ వీధికి టాంకరు నాలుగు రోజులకొకసారి వస్తుంది, వస్తే. రోజాకు రోజూ, మనిషికి నాలుగు రోజులకొకసారి. ఈ లెక్క ముత్యాలప్పకు గొంతు దిగలేదు. గోడ అడుగున పాత తూము ఒకటుంది. ఒక్కో మొక్క ముందూ బిందెతో ఒక క్షణం వంగి, తర్వాత తూము దగ్గర కూర్చుని బిందె వంచుతాడు. వరండాలో నుంచి చూసేవాళ్ళకు మాలి ఎంత ఒంగి, ఎంత భక్తిగా నీళ్ళు పోస్తున్నాడో అనిపిస్తుంది.

“ముత్యాలప్పా, బతికుండావా?” తూములో నుంచి బయమ్మ గొంతు వచ్చింది. ఏ పూట ఆ తొమ్మిది బిందెలు ఎవరెవరికి నిండాలో అవతల తీర్పు చెప్పేది ఆమె.

“ఉండాలే అక్కా. మొదటి వంతు ఎవురిది?”

“గంగాదేవిది. ఆనెంక అమీర్ బీది. నాది కడాన. రోంత తేటగా పొయ్యప్పా, నిన్న నీళ్ళల్లో ఆకులొచ్చినాయి.”

“తంగేడాకులే. చక్కెర రోగానికి మంచిది.”

“చక్కెర రోగమొచ్చే తిండి మా ఇండ్లల్లో యాడుండాదిరా నాయనా! అది కూడా నువ్వే తూములో పంపీ.”

ఆరో బిందె దిగుతుండగా బంగళా వంటమనిషి షరీఫ్ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు.

“ముత్యాలన్నా, పెద్దసారు పగలే వస్తాండాడంట! కరువు చూసేకి!”

“కరువు చూసేకి బంగళాకెందుకు?”

“ఈడ దిగి, కోడి తిని, కాసేపు పండుకొని, ఆనెంక చూస్తారు. ఖాళీ కడుపుతో కరువు చూస్తే కండ్లు తిరుగుతాయి గదన్నా.”

పెద్దసార్లు ఎప్పుడూ పొద్దుగూకినాక వచ్చి తెల్లవారకముందే పోయేవాళ్ళు. తొమ్మిది తంగేళ్ళను ఐదేళ్ళు కాపాడింది ఆ చీకటే. ముత్యాలప్ప మిగిలిన మూడు బిందెలూ గబగబా వంచి, తూముకు గుడ్డ కుక్కాడు. తంగేడని తెలిస్తే పీకేస్తారు. పీకితే పీకనీ, పక్కన వందెకరాల బీడు భూమిలో కావలసినంత తంగేడు ఉంది. కానీ ఆ గుంటల్లో నిజం రోజాలు దిగితే అవి నీళ్ళు నిజంగానే తాగుతాయి.

పదకొండింటికి సూపర్‌వైజరు కేశవ మోటారుసైకిల్ మీద చెమటలు కక్కుతూ దిగాడు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా వెనుక వరుసకు రావడం అదే మొదలు. కదిరిలో పుట్టిన మనిషి. ఒక్క చూపుకే నోరు తెరిచాడు.

“ఏమప్పా, ఇది తంగేడు గదా!”

“పలక చూడండి సారూ.”

“పలకేంది, పొద్దున నేను పండ్లు తోముకొనింది ఈ పుల్లతోనే!”

“ఆరు నెల్లుగా తమరు దస్కత్తు పెట్టిన రోజాలు సారూ ఇవి.”

కేశవ తల వంచి పలక చదివాడు. సంతకం అనేది ఎంత గట్టి ముల్లో అతనికి తెలుసు. రోజాకు ఉండే ముల్లు దాని ముందు బలాదూరు.

పెద్దసారు ఉత్తరాది మనిషి. భోజనానికి ముందు కాళ్ళు సాగదీసుకోవడానికి తోటలోకి వచ్చాడు. ముందున్న పదిహేను నిజం రోజాలు ఎండకు పళ్ళు కుట్టుకునే పుల్లల్లా ఉన్నాయి. వాటిని దాటి వెనుక వరుసకు రాగానే ఆగిపోయాడు. తొమ్మిదీ విరగబూసి, పసుపు దంచే రోలు బోర్లించినట్టు ఉన్నాయి.

“ఎల్లో రోజ్! ఇంత డ్రౌట్‌లో!”

“ముళ్ళు లేని రకం సార్,” అన్నాడు కేశవ, గొంతు ముళ్ళ మీద నడుస్తుంటే.

పెద్దసారు ఒక పువ్వు వాసన చూసి, తెలియని వాసనకు తలూపి, మాలి భుజం తట్టాడు. పేరు అడగలేదు. ఎన్ని నీళ్ళు పోస్తారని అడిగాడు. పూటకు ఒక బిందె అని కేశవ చెబితే, చాలదన్నాడు. ఇంత బాగా పూసేవాటికి బిందెలతో ఎందుకు, తొట్టి నుంచి ప్రతి మొక్క వేరుకూ పైపు వేయండి, నీళ్ళు రెట్టింపు చేయండి, పని రేపే మొదలుపెట్టండి అన్నాడు.

ముత్యాలప్పకు సగమే అర్థమైంది. ‘పైపు’ అర్థమైంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, అడగని మాట ఒకటి పెద్దసారుతో అన్నాడు.

“దానికి నీళ్ళొద్దు సార్. నీళ్ళు పోస్తే సచ్చిపోతాది.”

పెద్దసారు కేశవ వైపు చూశాడు. కేశవ హిందీలో ఇలా చెప్పాడు. నీళ్ళు లేకపోతే చచ్చిపోతుందని దిగులుపడుతున్నాడు సార్, ప్రాణంగా చూసుకుంటాడు.

పెద్దసారు ఇంకోసారి భుజం తట్టి భోజనానికి పోయాడు. ఆ చెయ్యి పడింది ఎడమ భుజం మీద. ముత్యాలప్ప పంటి బిగువున నవ్వాడు.

“ఎందుకు సారూ అట్ల చెప్పినారు?” అని అడిగాడు, కేశవ ఒంటరిగా దొరికినప్పుడు.

“నాకూ పెండ్లాం బిడ్డలుండారప్పా,” అన్నాడు కేశవ. నేల చూస్తూ అన్నాడు.

మూడింటికి కార్లు కరువు చూడటానికి బయల్దేరాయి. ఐదింటికి ముత్యాలప్ప తూములో గుడ్డ లాగి, సాయంత్రం బిందెలు మొదలుపెట్టాడు. ఎనిమిది అయ్యాయి. బిందెకూ బిందెకూ మధ్య చతికిలబడి లేచాడు. అలా ఆగి అలుపు తీర్చుకోవడం అతనికి అలవాటు లేదు. తొమ్మిదోది బయమ్మది.

“ఈపొద్దు నత్త మాదిరి పోస్తాండావేమప్పా? పెద్దసారు తిట్టినాడా?”

“మెచ్చుకున్న్యాడు.”

“అయితే ఏదో మూడినట్టే.”

“రేపట్నుంచి పైపంట అక్కా. నీళ్ళు తిన్నగా చెట్టుకే పోతాయి.”

“తంగేడు అన్ని నీళ్ళు తాగుతాదా?”

“తాగదు. సస్తాది.”

గోడవతల ఖాళీ బిందె తూము కిందికి జరిగింది.

“మల్ల మేము?” అంది బయమ్మ.

ముత్యాలప్ప బిందె ఒడిలోకి తీసుకుని తూములోకి వంచాడు. అవతల ఖాళీ బిందెలో నీళ్ళు పడే చప్పుడు మొదట గలగలా, తర్వాత మెత్తగా వినిపించింది. సగం నిండాక ఆగిపోయింది.

“ఏమప్పా, సగానికే నిలిపినావు? రేపటి కరువు ఈపొద్దే మొదలుపెడితివా?”

తూములో నుంచి ఇంకో చుక్క రాలేదు.

“ముత్యాలప్పా! ఓ ముత్యాలప్పా! పరాచికాలాడొద్దు, మోకాళ్ళు నొస్తాండాయి నాకు.”

వంటింటి గిన్నెలు కడిగి వచ్చిన షరీఫ్ చూసేసరికి, ముత్యాలప్ప గోడకు ఆనుకుని, ఒడిలో బిందె పెట్టుకుని, తొమ్మిదో మొక్క వైపు మెడ వాల్చి ఉన్నాడు. వెనక్కి ఒరిగిన బిందెలో నుంచి నీళ్ళు ఒడి తడిపి, ఆ తంగేడు మొదట్లోకి పోతున్నాయి. రిజిస్టరు రాసిచ్చిన బిందెలో నుంచి అది తాగిన మొదటి నీళ్ళు అవే.

పైపులు నాలుగో రోజు వచ్చాయి. కూలీల హాజరు మస్టరులో ముత్యాలప్ప పేరు మీద ఎర్రగీత పడింది. కొత్త మాలి తూమును సిమెంటుతో మూసి, రూలు ప్రకారం పొద్దునా సాయంత్రమూ కొళాయి తిప్పాడు. తంగేడు ఆకులు ముందు పసుపు తిరిగాయి. పూలకు ఉన్న రంగు ఆకులకూ వచ్చిందని అతను మురిశాడు. దీపావళి నాటికి తొమ్మిది వేర్లూ కుళ్ళి, పట్టుకుంటే చేతికొచ్చాయి. కేశవ వరండాలో నిలబడి పలకలు లెక్కపెట్టి, ఇరవై నాలుగూ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టాడు.

బయమ్మ ఆ సగం బిందెను ఎత్తుకోలేదు. వీధిలో వాళ్ళు ఎంత చెప్పినా, “మిగతా సగం వాడే పోయాల,” అని తూము కిందే ఉంచింది. సిమెంటు పడిన రోజు కూడా తియ్యలేదు. నీళ్ళు ఎండకు కొంచెం కొంచెంగా ఇగిరిపోయాయి. చింతపండు పెట్టి తోమినా వదలకుండా, ఆ బిందె లోపల సరిగ్గా సగం ఎత్తున, ఉప్పు పేరుకున్న తెల్లటి గీత ఒకటి మిగిలింది.