ఇల్లు లేని గొళ్లెం

బంద్ రోజుల్లో ఓబులమ్మకు పనులు పెందలాడే తెమిలిపోయేవి. ఆ పొద్దు కూడా దేవుడికి దీపం పెట్టి, కోడలికి జొన్నరొట్టె కాల్చి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. కోడలు కావ్యకు ఏడో నెల. వైరస్‌లు కణాల్లోకి ఎట్లా దూరతాయో చూసే గచ్చిబౌలి ల్యాబ్‌లో ఉద్యోగం. తెలంగాణ కోసం బస్సులన్నీ ఆగిపోయాయని ఇంట్లోనే ఉంది.

కింది వాటా నుంచి ఇంటి యజమానురాలు పుణ్యవతి కేకేసింది. "ఓ ఓబులక్కా! జరం మన గల్లీలకొచ్చింది. ఇంటింటి గొళ్లెం పట్టి చూస్తాంది. జర పైలం, నీ కోడలు రెండు పాణాల మనిషి!"

ఆ ఏడు నిజాంపేటలో జ్వరం అట్లాగే తిరిగేది, బూడిదరంగు చీర కట్టుకుని, కందిపోయిన చేతులతో. పాలాయన కూడా స్కూటర్ ఆపి దానికి దారిచ్చేవాడు.

"గడియ పెడితే రాదా మే?" అంది ఓబులమ్మ కోడలితో.

"బలంతో వచ్చేది కాదత్తా అది. దాని వేళ్లకు కుదిరే గొళ్లెం దొరికితే చాలు, మనవాళ్లే అనుకొని తలుపే లోపలికి తీసుకుంటాది. దానికంటూ పొయ్యి లేదు. మన పొయ్యి మీద, మన బియ్యంతోనే తన సంతానాన్ని సాకించుకుంటాది."

"గొళ్లెం పీకేస్తే?"

"మరి మీ కొడుకెట్లా వస్తాడు?" కావ్య నవ్వింది. "ల్యాబ్‌లో మేం కణాల నుంచి ఊడదీసిన, ఇల్లు లేని గొళ్లేలు విడిగా నీళ్లలో వదుల్తాం. వైరస్ వాటినే పట్టుకుని, అసలు తలుపు దాకా రాదు."

ఓబులమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి లేచింది. దేవుడి గూట్లో, పసుపుగుడ్డలో, ప్రొద్దుటూరి ఇంటి గొళ్లెం ఉంది. ఆమె తొలిచూలు బిడ్డ కనకలక్ష్మి దాన్ని గలగలలాడిస్తూ ఆడుకునేది. ఆ బిడ్డను తీసుకుపోయిన జ్వరం లోపలికొచ్చిందీ దాన్ని పట్టుకునే. ఇల్లు అమ్మిన నాడు సామానంతా వదిలి, ఇదొక్కటే కొంగున కట్టుకొచ్చింది ఓబులమ్మ.

మెట్ల మీద మెట్టెల చప్పుడైంది. జ్వరం గడప అవతల నిలబడి చెయ్యి చాచింది.

ఓబులమ్మ గొళ్లేన్ని ఒకసారి కళ్లకద్దుకుంది. "ఇదిగో తల్లీ, నీకు తెలిసిందే," అని ఆ చేతిలో పెట్టింది.

జ్వరం వేళ్లు దాన్ని గుర్తుపట్టి మూసుకున్నాయి. మరి విప్పుకోలేదు. ఏదో తలుపు తెరుచుకుంటుందని ఎదురుచూస్తూ, రెండు చేతులా దాన్నే పట్టుకుని, మెల్లగా మెట్లు దిగింది. గల్లీలో ఇంకే ఇంటినీ ముట్టుకోలేదు.

కావ్య అత్త ఖాళీ చేతుల్ని తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది.

మాఘంలో ఆడపిల్ల పుట్టింది. ఆంధ్రోళ్లు, తెలంగాణోళ్లు అని ఊరంతా వాదులాడుకుంటున్న రోజులవి. దవాఖాన నుంచి ఆటో దిగగానే పుణ్యవతి దిష్టి తీసి, బిడ్డను అందరికంటే ముందు తానే ఎత్తుకుంది.

"మీరు ఏడికెల్లి వచ్చిన్రో ఏమో గానీ ఓబులక్కా, పిల్ల మాత్రం ఈడిది. రేపు పోతమంటే మిమ్మల్ని పంపుత, దీన్ని పంప."

"మమ్మల్ని మాత్రం యాడికి పంపుతావులే పుణ్యమ్మా," అంది ఓబులమ్మ. "తల జాగ్రత్తగా పట్టుకో."