చల్లని నుదురు

చిరిగిన గోనెసంచి మీద అతుకు పరిచి, ఎల్లాజీ దబ్బనం గుచ్చాడు. దారం లాగేలోపే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. పక్కన కూర్చుని సంచులు దులుపుతున్న గౌరీశ్వరి పని ఆపి, భర్త నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. చల్లగానే ఉంది.

"జొరం నేదు మావా," అంది నిశ్చింతగా.

"నేదులే. ఒల్లే సితకబొడిసీసినట్టుంది."

కిందటి వారం ఆమెకి వచ్చిన జ్వరం అలాంటిలాంటిది కాదు. ఒళ్లు పెనంలా కాలిపోయి, పళ్లు టకటకా కొట్టుకున్నాయి. డాక్టరు ఫ్లూ అన్నాడు. ఎల్లాజీ పని మానేసి పక్కనే కూర్చుని గంజి తాగించాడు. ఆ జ్వరం ముందు ఇదేపాటి? ఉత్త రొంప.

వన్ టౌన్‌లో ఈ గోదాం అరుగే వాళ్లిద్దరికీ బతుకు. పెళ్లయిన కొత్తలో ఎలమంచిలి దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఎల్లాజీ పోర్టులో బస్తాలు మోశాడు. నడుం వంగిపోయాక సంచులు కుట్టడానికి కూర్చున్నాడు. డెబ్బై దాటినా భుజాల మీద కాయలు కరగలేదు. ఎవరితోనూ గొడవ పడినవాడు కాదు, ఎవరి నోటా నానినవాడూ కాదు. అతను కుట్టిన చోట మాత్రం సంచి మళ్లీ చిరిగేది కాదు.

మధ్యాహ్నం రెండు ముద్దలు తిని అన్నం పక్కకి నెట్టేశాడు. సంచి ఒళ్లో పెట్టుకునే కునుకు తీస్తున్నాడు. ఊపిరి పొట్టిగా, వేగంగా ఆడుతోంది. గౌరీశ్వరి మళ్లీ నుదురు తాకింది. చల్లగానే తగిలింది.

"ఇంటికెలిపోదామేటి మావా?"

ఎల్లాజీ కళ్లు తెరిచి, కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "బండి వచ్చీసిందేటి? అమ్మ ఎదురు సూత్తుంటాది."

అతని తల్లి ఎప్పుడో పోయింది. గౌరీశ్వరికి నవ్వు రాబోయి ఆగిపోయింది. అతని పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టు నల్లబడి ఉన్నాయి.

ఆమె కేకలకి గోదాంలో బస్తాలు మోసే కలాసీలు పరిగెత్తుకొచ్చి, అతన్ని ఎత్తి ఆటోలో పడుకోబెట్టారు.

ఆస్పత్రిలో నర్సు అతని వేలికి క్లిప్పు పెట్టి చూసి, గబగబా ఆక్సిజన్ తగిలించింది. "ఎన్నాళ్ల నుంచమ్మా?"

"మొన్నట్నించి దగ్గు. జొరం నేదమ్మా. నాను సెయ్యెట్టి సూత్తానే ఉన్నాను."

నర్సు గొంతు తగ్గించింది. "నీకొచ్చిన ఫ్లూయే అయ్యుంటాదమ్మా. జొరమంటే ఒల్లు రోగంతో తగువాడ్డమే. పెద్దోల్లకి ఒక్కోపాలి ఆ వేడి పుట్టదు. నీరసం, ఆయాసం, మతిలేని మాటలు, అయ్యే సూసుకోవాలి."

గౌరీశ్వరి మంచం పక్కన నిలబడి, చెయ్యి మళ్లీ అతని నుదుటి దాకా తీసుకెళ్లి, ఆనించడానికి భయపడి వెనక్కి తీసుకుంది.

దీపాలు పెట్టేవేళకి ఎల్లాజీ ఊపిరి నెమ్మదించింది. నెమ్మదించిందని ఆమె సంబరపడేలోపే ఆగిపోయింది.

అప్పటికి గోదాం తలుపులు మూసేశారు. అరుగు కింద, హడావిడిలో ఎవరూ తియ్యని అతని రబ్బరు చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. ఎడమదాని తెగిన పట్టీకి గోనెదారంతో వేసిన కుట్టు ఇంకా గట్టిగానే ఉంది.