ఒక రోజు ముందు నడిచే కెమెరా

పొద్దున ఆఫీసుకి రాగానే అక్క చేసే మొదటి పని కుర్చీని కిందికి దించుకోవడం. ముందు షిఫ్టులో ఆ సీట్లో కూర్చునే మనిషి తాటిచెట్టంత ఉంటాడు, రోజూ కుర్చీని అటక మీదికి ఎక్కించి పోతాడు. అతన్ని మనసులో నాలుగు తిట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, టీ తెచ్చుకుని కూర్చుంటుంది. ఇక సాయంత్రం దాకా సముద్రమే.

సముద్రమంటే నిజం సముద్రం కాదు, ఆ గదికి కిటికీ కూడా లేదు. దూరాన వేటాడే పడవల మీద బిగించిన కెమెరాలు పంపే సముద్రం. మైళ్ళ పొడవు తాడుకి పిల్ల తాళ్ళు కట్టి, వాటి కొసలకి గాలాలు తగిలించి నీళ్ళలో వదిలి, కొన్ని గంటలయ్యాక యంత్రంతో చుట్టి పైకి లాగే పడవలవి. గాలానికి ఏం పడిందో, పడినదాన్ని ఏం చేశారో చూసి రాయడం ఆమె ఉద్యోగం. ట్యూనా పడితే పేచీ లేదు. తాబేలు పడితే గాలం తీసి మర్యాదగా వదిలారా, సొరచేప పడితే రెక్కలు కోసుకుని మిగతాది నీళ్ళలోకి తోసేశారా, పక్షి చిక్కుకుంటే చూపించారా, దాచారా, ఇవన్నీ కనిపెట్టాలి. పడవల వాళ్ళు ఈ ఆఫీసుని అత్తగారిల్లు అంటారు. ఏ పని చేసినా తప్పు పట్టేవాళ్ళు ఉంటారని వాళ్ళ బాధ.

ఆ పడవల్లో ఒకదానికి నీలం రంగు. దాని కెమెరా ఒక రోజు ముందు నడుస్తుంది. కొందరి ఇళ్ళలో గోడ గడియారం పది నిమిషాలు ముందు నడవదూ, అలాగన్నమాట. సోమవారం వచ్చే వీడియోలో మంగళవారం పడబోయే చేపలుంటాయి. కెమెరా మార్చి చూశారు, కొత్తదీ అంతే. ఇక ఎవరూ పట్టించుకోలేదు. నీలం పడవ వీడియో వస్తే తేదీకి ఒక రోజు కలిపి రాసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఒకసారి ఎవరో సొర పడబోతోందని ముందే కబురు చెబితే, పడవ నడిపే సరంగు తాడుని చాలా దూరం తీసుకుపోయి ఇంకెక్కడో వేశాడు. చిరిగిన తోకతో అదే సొర అక్కడికీ వచ్చి అదే గాలానికి పడింది. కెమెరా చూసిందంటే జరిగి తీరుతుందని అందరికీ తెలిసిపోయింది. చూసింది పడవకి చెప్పకూడదని ఆఫీసు రూలు పెట్టింది. చెప్పినా ఒరిగేదేం లేదు కనుక ఎవరూ కిమ్మనలేదు.

అయినవాళ్ళున్న పడవ వీడియో చూడకూడదని కూడా ఒక రూలుంది. దాన్ని అక్క ఆరు నెలలుగా మీరుతోంది. ఆమె తమ్ముడు నీలం పడవలో పనికి చేరాడు, ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తల్లి పోయినప్పుడు వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. ముక్కు తుడిచి, వీపు రుద్ది, బడికి తోలి పెంచింది ఆమే. సముద్రంలోకి పోతానంటే నాలుగు రోజులు మాట్లాడటం మానేసింది. ఆ తర్వాత ఈ తెర మీద వాణ్ణి చూసుకుంటూ ఊపిరి పీల్చుకుంది. ఏ అక్కకీ లేని అదృష్టం ఆమెది. తమ్ముడు రేపు కూడా క్షేమంగా ఉంటాడని ఇవాళే తెలిసిపోయేది.

ఆ రోజు పదకొండింటికి నీలం పడవ వీడియో తెరిచింది. రబ్బరు కోట్లు వేసుకున్న మనుషులు కెమెరాకి వీపు పెట్టి పడవ అంచున నిలబడి ఉన్నారు. యంత్రం తాడుని చుడుతోంది. అంచుకి దగ్గరగా ఉన్నవాడు కర్ర కొక్కెం పిడితో వీపు గోక్కున్నాడు. వాడే. చిన్నప్పటి నుంచీ అంతే, చేతికేది దొరికితే దాంతో గోక్కుంటాడు. ఆమె నవ్వుకుంటూ టీ గ్లాసు అందుకుంది.

పిల్ల తాడు ఒకటి బిగుసుకుంది. కింద ఏదో పెద్దది. వాడు దాన్ని చేత్తో పట్టుకున్నాడు. తాడు ఒక్కసారి సడలి, మెలిపడి, వాడి మణికట్టుకి చుట్టుకుని మళ్ళీ బిగిసింది. వాడు అంచు మీదుగా తలకిందులుగా వెళ్ళిపోయాడు. వీడియోకి శబ్దం లేదు. ఇద్దరు పరిగెత్తుకొచ్చి అంచు మీద వంగారు. వాళ్ళ మోచేతులు కదులుతున్నాయి, ఏం చేస్తున్నారో వీపులు అడ్డం. చాలాసేపటికి పక్కనుంచి గ్లౌజు తొడిగిన చెయ్యి ఒకటి వచ్చి కెమెరా మీద పడింది. తెర నల్లబడింది.

అక్క చేతిలో గ్లాసు జారి టీ ఒలికింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. మళ్ళీ పడ్డాడు. ఆ చెయ్యే ఆమెని ఎక్కువ భయపెట్టింది. కెమెరా మూయడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. చూడకూడనిది ఉన్నప్పుడే మూస్తారు.

"ఏంటమ్మా, టీ ఒలకబోసుకున్నావ్?" అంటూ వచ్చాడు ఇన్‌చార్జి. నడక నిదానం కనుక ఆఫీసంతా ఆయన్ని స్లో మోషన్ అంటుంది, ఆయనకీ తెలుసు. తెర వైపు వంగి మొత్తం చూశాడు. కళ్ళజోడు తీసేశాడు.

"రేపటిదా?"

"రేపటిదే సార్. వాడు మా తమ్ముడు."

అరుస్తాడేమో అనుకుంది, అరవలేదు. "ఆరు నెలల నుంచీనా?" అన్నాడు. ఆమె తలూపింది.

"చెప్పి లాభం లేదని నీకు తెలుసు కదమ్మా."

"తెలుసు సార్."

"నేను టీ తాగొస్తాను. నా నడక నీకు తెలుసుగా, రావడానికి చాలా టైం పడుతుంది. పడవలకి చేసే ఫోను నా బల్ల మీదే ఉంది." అలా అని ఆయన తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

ఫోనులో సరంగు గొంతు గాలిలో కొట్టుకుంటూ వచ్చింది. ఆమె ఎవరో చెప్పుకుంది. ఆయనేం ఆశ్చర్యపోలేదు.

"రేపేం జరిగిందమ్మా?" అన్నాడు.

చెప్పింది. "రేపు వాణ్ణి బయటికి రానివ్వకండి బాబూ. మీ కాళ్ళు పట్టుకుంటాను. లోపల పెట్టి గొళ్ళెం వెయ్యండి" అంది.

"మొహం కనిపించిందా?"

"లేదు. వెనకనుంచి."

"అయితే ఎవరైనా సరిపోతారు. వాణ్ణి లోపల పెడితే ఆ చోట ఇంకొకణ్ణి నిలబెట్టాలి. నిలబెట్టకపోయినా ఎవడో ఒకడు వచ్చి నిలబడతాడు, సొర రాలేదూ? చెప్పమ్మా, ఎవర్ని నిలబెట్టమంటావు? నా బావమరిది ఉన్నాడు. వంటవాడున్నాడు, వాడికి కవలపిల్లలు."

ఎవరో ఒకర్ని అనేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. వంటవాణ్ణి ఆమె చాలాసార్లు చూసింది, ఊడిపోయే ప్యాంటు పైకి లాక్కుంటూ తిరుగుతుంటాడు. ఆ మాట తన నోట్లో తయారుగా ఉందని తెలిసి ఆమెకి తన మీద తనకే భయం వేసింది. పళ్ళు బిగబట్టి ఊరుకుంది.

"ఏడవకమ్మా," అన్నాడు సరంగు. "అది చూసింది జరుగుతుంది సరే. చూడనిది ఏముందో చెప్పు."

అప్పుడామె కళ్ళు మూసుకుని ఆ బొమ్మని మళ్ళీ చూసుకుంది. ఏడేళ్ళుగా చేస్తున్న పనే అది. కోటు మోకాళ్ళ కిందిదాకా ఉంది. కోటు లోపల ఏముందో కనబడదు. వాడి ముందు వైపు కనబడదు. అంచు అవతల పడవ బయటి పక్క కనబడదు. అంచు అడుగున నీళ్ళు పోయే కంత వాడి కాళ్ళ చాటున ఉంది.

"ఆ కంత మాకు బాగా తెలుసులే," అన్నాడు సరంగు. "మీ కెమెరా చాటున చేసే పనులన్నీ దాంట్లోంచే కదా. కోటు లోపల నడుముకి తాడు కడతాను. ముందు నుంచి కిందికి దించి, కంతలోంచి బయటికి తీసి, పడవ పక్కగా ముందున్న స్తంభానికి బిగిస్తాను. బూటులో చాకు పెడతాను, మణికట్టు తాడు కోసుకోడానికి. వాడు పడతాడు. ఎంత దూరం పడతాడో మాత్రం అది చూడలేదు కదా."

"చూడలేదు."

"ఆ తర్వాత?"

"ఒక చెయ్యి వచ్చి కెమెరా మూసేసింది. ఎడం చెయ్యి. గ్లౌజులో చిటికెన వేలు ఖాళీగా వేలాడుతోంది."

"అది నేనేనమ్మా," అన్నాడు సరంగు. "ఎందుకు మూశానో నాకూ తెలీదు. మంచి జరుగుతుంటే మూసేవాణ్ణి కాదు." అది విని ఆమెకి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

తమ్ముడికి ఫోను ఇచ్చాడు. తెలిస్తే వాడు కొయ్యబారిపోతాడని ఇద్దరూ అనుకున్నారు, అందుకని ఏమీ చెప్పలేదు.

"ఏంటక్కా, ఉద్యోగం ఊడిందా ఏంటి, ఫోను చేశావ్?"

"తిన్నావా?"

"ఇది అడగడానికా? తిన్నాలే. నడుముకి తాడు కట్టుకోవాలంట, మీ ఆఫీసు కొత్త రూలంటగా. మీ రూల్సుతో చస్తున్నాం అక్కా."

"ఛ, ఏం మాటలురా అవి. కట్టుకో. గట్టిగా కట్టుకో."

మర్నాడు ఆమె కుర్చీ దించుకోవడం కూడా మర్చిపోయింది. నీలం పడవ వీడియో వచ్చింది. అది ఎల్లుండిగా ఉండి రేపుగా మారిన రోజు, వాడు పడేది ఇవాళ, ఇది దాని తర్వాతి రోజు. దాంట్లో వాడు నడుస్తూ కనిపిస్తే చాలు, ఒక్కసారి వీపు గోక్కుంటే చాలు. తెరిచింది. నలుపు. ముందుకి జరిపింది, ఇంకా ముందుకి జరిపింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నలుపే. ఒక్కరు కూడా వచ్చి దాన్ని తుడవలేదు. మనిషి పోయిన పడవలోనే అలా ఎవరికీ ఏదీ పట్టకుండా ఉంటుందని ఆమెకి తోచింది. లేచి బాత్రూమ్‌కి పరిగెత్తింది.

పదకొండు దాటింది, వీడియోలో వాడు పడిన వేళ అది. స్లో మోషన్ ఫోను తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, పక్కనే నిలబడ్డాడు. గదిలో మిగతావాళ్ళు తమ తమ సముద్రాలు ఆపేసి ఇటే చూస్తున్నారు. పన్నెండైంది. ఫోను మోగింది.

"పడ్డాడమ్మా," అన్నాడు సరంగు. రొప్పుతున్నాడు. "నువ్వు చెప్పినట్టే పడ్డాడు. తాడు ఆగింది. కింద చేప వదల్లేదు, వీడు కోసుకునేసరికి చాలాసేపైంది. పైకి లాగేసరికి ఊపిరి లేదు."

ఆమె ఫోను బల్ల మీద పెట్టెయ్యబోయింది.

"వినమ్మా, విను. డెక్కు మీద పడుకోబెట్టబోతూ పైకి చూశాను. కెమెరా సరిగ్గా అక్కడికే చూస్తోంది. ఊపిరి లేకుండా పడున్నవాణ్ణి అది చూసిందంటే ఇంక అంతే కదా, ఖాయమైపోతుంది. చెయ్యి అడ్డం పెట్టేశాను. దొరికిన గ్రీజంతా పూసేశాను. తర్వాత గుండె మీద నొక్కాం. నొక్కుతూనే ఉన్నాం. పోయాడు వదిలెయ్యండని మావాళ్ళు ఏడుస్తున్నారు. పోయినట్టు ఇంకా ఎవరూ చూడలేదురా, నొక్కండి అన్నాను."

"బాబూ..."

"దగ్గాడమ్మా. నీళ్ళు కక్కాడు. కళ్ళు తెరవలేదు ఇంకా. ఊపిరైతే ఆడుతోంది, సన్నగా."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. స్లో మోషన్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒక మాట," అన్నాడు సరంగు. "కెమెరా తుడవమంటావా? తుడిస్తే వాడు రేపు ఎలా ఉంటాడో నీకు ఇవాళే తెలిసిపోతుంది. నువ్వెలా చెబితే అలా."

ఆరు నెలలుగా ఆమె ఆశపడి, దొంగతనంగా చూసుకున్నది అదే. ఒక్క గుడ్డముక్కతో తుడిస్తే చాలు. బతికుంటే ఈ భయం ఈ క్షణమే తీరిపోతుంది. లేకపోతే? ఆ కన్ను తెరుచుకుని, దుప్పటి కప్పిన ఆకారం ఒకటి చూసిందంటే? తెరంతా నల్లగా ఎందుకుందో, ఎవరూ ఎందుకు తుడవలేదో ఆమెకి అప్పుడు అర్థమైంది. తను ఇప్పుడు చెప్పబోయే మాట వల్లే అది.

"వద్దు," అంది. "తుడవకండి. వాడు లేచి కూర్చునేదాకా దాని మొహం చూడకండి."

ఆ రోజూ, ఆ మర్నాడూ నీలం పడవ నుంచి నలుపే వచ్చింది. రేపంటే ఏమిటో తెలియకుండా బతకడం ఎంత కష్టమో ఆమె మర్చిపోయింది. మిగతా లోకమంతా ఇలాగే బతుకుతోందని తలుచుకుంటే, ఆ లోకం మీద జాలి వేసింది. అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. కెమెరా పాడైందని స్లో మోషన్ పైవాళ్ళకి చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పడం ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

రెండో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ముందు ఒక దగ్గు వినిపించింది.

"అక్కా."

ఆమె రెండు చేతులతో ఫోను పట్టుకుంది.

"నడుం విరిగిందక్కా ఆ తాడుతో. చెయ్యి కూడా వాచింది," అన్నాడు వాడు. గొంతు బొంగురుపోయి ముసలాడి గొంతులా ఉంది. "ఏంటి, మాట్లాడవేం? ఏడుస్తున్నావా?"

"లేదురా."

"కనబడట్లేదు కదాని అబద్ధాలు చెప్పకు."

ఆమె నల్లటి తెర ముందు కూర్చుని, అందరూ చూస్తుండగానే, ఇంకా గట్టిగా ఏడ్చింది.