పన్నెండో పేరు

జూన్ వచ్చిందంటే ఫ్రాన్సులోని ఆ నార్మండీ ఊరి ఇసుకతీరంలో కాలు పెట్టే చోటుండదు. పాత జీపులు, జెండాలు, బస్సుల్లోంచి దిగే జనం. సైనికుల స్మారకం ముందు పూలదండలు గుట్టగా పడి ఉంటాయి. రేమోండ్ ముసలమ్మ కూడా ఓ పువ్వు పెట్టి వస్తుంది. వాళ్లూ ఎవరి తమ్ముళ్లో కదా! కానీ డెబ్బై ఏళ్ల కిందట ప్రపంచ యుద్ధంలో జర్మన్లను తరమడానికి వచ్చిన వాళ్లు ఒడ్డెక్కడానికి వీలుగా ఓడలు పేల్చిన ఫిరంగులకు ఊరివాళ్లూ పోయారని చర్చి వెనకున్న చిన్న రాయిని చూస్తేనే తెలుస్తుంది. దాని మీద పదకొండు పేర్లున్నాయి.

పన్నెండోది తన తమ్ముడిది చెక్కించాలని రేమోండ్ తొమ్మిదేళ్లు మేయరు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. వాడు పుట్టినట్టు ఆధారం చూపమన్నారు. ఆధారాలుండే ఆఫీసే ఆ రోజు తగలబడింది, ఎక్కణ్నుంచి తెచ్చేది? చివరికి ఆమె నోటికి జడిసి ఒప్పుకున్నారు.

రాళ్లు చెక్కే బాస్తియన్ ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చాడు.

"ఇంతకీ మీ తమ్ముడి పేరేంటి మామ్మా? కాగితంలో ఖాళీ వదిలేశారు. నాకే చెబుతానన్నారట."

మేయరునే గడగడలాడించిన ముసలమ్మ తల దించుకుని చెప్పు కొనతో నేల రాసింది.

"ఏంటి మామ్మా ఆ సిగ్గు? నేనేమన్నా మీ ప్రియుడి పేరు అడిగానా?"

"వాడికి పేరు లేదు నాయనా. అమ్మ నన్నే పెట్టమంది. నాకప్పుడు ఆరేళ్లు. చెల్లెలు కావాలని కూర్చుంటే వీడొచ్చాడు. నేను పెట్టను ఫో, వీడు నాకేం కాడు అన్నాను. కోపం తగ్గాక పెడుదువులే అని అమ్మ నవ్వింది. అలిగి అమ్మమ్మతో పక్కూరు వెళ్లిపోయాను. తెల్లారేసరికి ఇల్లు లేదు, అమ్మ లేదు, వాడూ లేడు."

బాస్తియన్ సుత్తి కింద పెట్టేశాడు. "ఇప్పుడు పెట్టండి మామ్మా, మించిపోయిందేముంది?" అన్నాడు.

"పెట్టలేదనుకున్నావా? ఎన్ని పేర్లనుకున్నానో! వాటిలో మంచిది నా కొడుక్కి పెట్టేసుకున్నాను. అదీ వాడికి దక్కనివ్వలేదు."

ఇక ఏడుపు ఆగలేదామెకు. ఆ అలక వల్లే బతికిపోయినందుకు తనను తాను ఏనాడూ క్షమించుకోలేదు. చాలాసేపటికి ముక్కు తుడుచుకుంది.

"రేమోండ్ తమ్ముడు అని చెక్కు. నాకేం కాడన్నానుగా! ఆ మాట ఈ రాయి మీదైనా వెనక్కి తీసుకోనీ."

అతను సుద్దతో అక్షరాలు గీసుకుని, ఉలి ఆనించి మొదటి దెబ్బ వేశాడు. ఆమె ఉలిక్కిపడి అతని చెయ్యి పట్టుకుంది.

"మెల్లగా కొట్టు నాయనా. మూడు రోజుల పిల్లాడు."