తెల్లపూల దుంప

హాల్వర్సన్ మెడోస్‌లో ఏటా జూలైలో ఊరంతా ఒకచోట చేరి భోంచేస్తారు. వలసవచ్చిన ముత్తాత హాల్వర్సన్ బండి ఆపి, ఆ పచ్చికబయలుకు కంచె వేసిన రోజది. ఈసారి ఆయన మునిమనవరాలు వెర్నా ఒక మంచిపని తలపెట్టింది. కంచెకు ముందు అక్కడ బతికిన కలపూయా ఆదివాసుల్లోంచి మార్లీన్ అనే పెద్దావిడను భోజనానికి పిలిచింది. ఆవిడ సంతోషపడాలని, వాళ్లు ఇష్టంగా తినే కమాస్ దుంపలనే బయల్లో తవ్వి తెచ్చి, కుండలో పెట్టి నిప్పుల గుంటలో మగ్గబెట్టింది.

కుండ మూత తీయగానే భర్త ఆర్విల్ ఒక దుంపను ఫోర్కుకు గుచ్చాడు.

"ఏవండీ, ప్రార్థన కాకుండానేనా?"

"దేవుడికి ఆకలుండదే, నాకుంది!"

అందరూ నవ్వారు. మార్లీన్ నవ్వలేదు. కుండలోకి వంగి చూసింది.

"ఎప్పుడు తవ్వావమ్మా?"

"నిన్ననేనండీ."

"పూలున్నాయా?"

"ఇంకెక్కడి పూలు? ఎండుకాడలు చూసి తవ్వాను."

మార్లీన్ చటుక్కున ఆర్విల్ మణికట్టు పట్టుకుంది. "దించు నాయనా! ఎవరూ నోట పెట్టకండి!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పళ్లేలు వెనక్కి నెట్టారు.

"నీలిపూలది తిండి, తెల్లపూలది విషం," అంది మార్లీన్. "పూలు రాలాక ఏది ఏదో నాకూ తెలీదు. నువ్వు రుచి చూశావా?"

వెర్నా తల అడ్డంగా ఊపింది. "లేదండీ. ప్రార్థన కాకుండా ముట్టను."

ఆర్విల్ ఫోర్కు కింద పెట్టాడు. "మా పెద్దలు వచ్చినప్పుడు బయలంతా నీలం చెరువులా ఉండేదట. తెల్లపూల మాటే వినలేదు."

"ఎలా వింటావు? పూలున్నప్పుడే మా ఆడవాళ్లు తెల్లవి ఏరి పారేసేవాళ్లు, ఏటేటా. కంచె వేశాక లోపలికి రానిచ్చిందెవరు?"

దుంపలన్నీ గుంటలో పోసి మన్ను కప్పారు. రొట్టె, చిక్కుడుగింజలు మిగిలాయి. వెర్నా కళ్లు మూసుకుని ఏటా చెప్పే ప్రార్థనే అందుకుంది.

"ఎవరూ దున్నని, ఎవరి చెయ్యీ పడని ఈ బయలును మా పెద్దలకిచ్చిన తండ్రీ..."

వెర్నా అక్కడే ఆగింది. ఇన్నేళ్లూ ఈ మాట దేవుడు ఎలా విని ఊరుకున్నాడో!

"కానివ్వవే," అన్నాడు ఆర్విల్ మెల్లగా.

వెర్నా కళ్లు తెరిచింది. "మార్లీన్ గారూ, పూలెప్పుడొస్తాయి?"

"మే నెలలో."

"గేటు తీసి ఉంచుతాను."

"గేటొక్కటే చాలదు తల్లీ. తవ్వుకర్ర తీసుకుని నువ్వూ రా."

వెర్నా తలూపి మళ్లీ కళ్లు మూసుకుంది. ప్రార్థన ఎక్కడ మొదలుపెట్టాలో చాలాసేపటిదాకా తోచలేదు.