మస్టర్ చప్పుడు

గడ్డం గీసుకునే పాత బ్రష్షుతో నర్సింగం కీబోర్డు సందుల్లో దుమ్ము దులుపుతున్నాడు. ముందు అడ్డంగా, ఆ తర్వాత నిలువుగా. చివరికి దాన్ని ఒళ్లో బోర్లించుకుని వెనకవైపు అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. కింద పరిచిన పాత పేపరు మీద నల్లటి నూక రాలింది. టైమాఫీసు కిటికీలు ఎంత బిగించి మూసినా బొగ్గుపొడి ఏదో దారి చూసుకుని లోపలికి వస్తుంది. రోజూ వస్తుంది, రోజూ దులుపుతాడు. పేపరు మడిచి బుట్టలో వేసి, కీబోర్డును రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టాడు.

ఒంటి చేత్తో ఎత్తేంత తేలికైనది కాదు అది. అడుగున ఇనుప రేకు ఉంది. గనికి కంప్యూటర్ మొట్టమొదట వచ్చినప్పుడు దానితోపాటు వచ్చింది. తర్వాత కంప్యూటర్ మారింది, తెర మారింది, ఇది మాత్రం మారలేదు. పాలరంగు పోయి బాగా మగ్గిన జామపండు రంగుకు తిరిగింది. మీటలు ఎత్తుగా, మెట్లుమెట్లుగా ఉంటాయి. ఏ మీట నొక్కినా ముందు కాస్త మొరాయిస్తుంది. తర్వాత ఒక్కసారిగా లొంగిపోయి టక్కుమంటుంది.

కిటికీ అవతల మొదటి షిఫ్టువాళ్లు వరుస కట్టారు. నెత్తిన టోపీలు, నడుముకు బ్యాటరీలు. ఒక్కొక్కరే వచ్చి తమ నంబరు చెబుతున్నారు. నర్సింగం రెండు చూపుడు వేళ్లతోనే కొడతాడు. అంకెకొక టక్కు, ఆఖరున పెద్ద మీట మీద గట్టి దెబ్బ. ఆ ఆఖరి దెబ్బ వినపడితేగానీ మనిషి కిటికీ దగ్గర్నుంచి కదలడు. హాజరు పడడాన్ని ఇక్కడ మస్టర్ పడడమంటారు. కాగితం మీద సంతకాలు పోయి కంప్యూటర్ వచ్చిన కొత్తలో కార్మికులకు నమ్మకం చిక్కలేదు. కంటికి కనపడని చోట పడే మస్టర్‌ను ఎట్లా నమ్మేది? ఈ చప్పుడే నమ్మించింది.

"పడ్డదా అన్నా?"

"పడ్డది, పో."

మనిషి దిగుడుబాట వైపు వెళ్లిపోతాడు. ఇంకొకడు వస్తాడు.

నర్సింగం రామగిరి పక్క పల్లెలో పుట్టాడు. బావమరిది వెంట గోదావరిఖని వచ్చి, తట్టతో బొగ్గు ఎత్తే పనిలో చేరి, కొన్నేళ్లకు డ్రిల్లర్ అయ్యాడు. బొగ్గు గోడకు మిషను ఆనించి రంధ్రాలు వేయాలి. అందులో మందు కూరి పేలుస్తారు. మిషను పట్టుకున్నంతసేపూ చేతులు, భుజాలు, పళ్లు కూడా అదిరేవి. ఇంటికొచ్చి అన్నం కలుపుతున్నా ఆ అదురు వేళ్లలోనే ఉండేది. ఒక చలికాలం పొద్దున వేళ్లు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. ఎండెక్కితే తెలుపు పోయింది. మరుసటి ఏడు తెలుపుతోపాటు స్పర్శ కూడా పోయింది. ఒకనాడు బీడీ కాలి కాలి వేలిదాకా వచ్చినా అతనికి తెలియలేదు. కమురు వాసన వస్తే చూసుకున్నాడు.

ఆ సంగతి భార్య సారవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చేతులు పనిచేయవని తెలిస్తే దవాఖానకు పంపి, పనికిరాడని రాస్తారని భయం. పొద్దున్నే సారవ్వే చొక్కా గుండీలు పెట్టేది. పిల్లలకు అది తల్లిదండ్రుల మురిపెంలా కనపడేది. వాళ్లు అట్లా అనుకోవడమే మంచిదని ఇద్దరూ ఊరుకున్నారు.

తర్వాత పైకప్పు నుంచి బొగ్గు పెళ్ల పడి తుంటి విరిగింది. కుంటుతూ లేచినవాడిని పైన తేలిక పనికి వేశారు. తుంటి సంగతి అందరికీ కనపడింది. చేతుల సంగతి ఎవరికీ కనపడలేదు.

టైమాఫీసు పెద్ద క్లర్కు సుగుణమణి. తండ్రి కాలం నుంచీ గనినే నమ్ముకున్న కుటుంబం. పొద్దున్నే ఒక కీర్తన చదువుకుని, కళ్లజోడు తుడుచుకుని పనిలో కూర్చుంటుంది. మంచినీళ్లు మోస్తున్న నర్సింగాన్ని ఆమే ఒకరోజు పిలిచింది.

"ఏడో తరగతి దాక చదివినవంట గదా. ఏబీసీడీలు వచ్చునా?"

"మరిచిపోలేదక్కా."

"అయితే ఇట్ల కూసో."

భయపడుతూనే ఒక మీట నొక్కాడు. వేలి కింద ఏదో విరిగినట్టు టక్కుమంది. ఆ దెబ్బ వేలి ఎముక పట్టుకుని మణికట్టు దాటి మోచేతి దాకా వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత అతని వేళ్లకు ఒక వస్తువు బదులు చెప్పింది. గనిలో ఉన్నప్పుడు పని మొదలుపెట్టే ముందు గడ్డపారతో పైకప్పును తట్టి చూసేవాళ్లు. గట్టి కప్పు ఖంగుమనేది, బోలు కప్పు బొదబొదమనేది. ఆ చప్పుడును నమ్మి దాని కింద నిలబడేవాళ్లు. ఈ చప్పుడు కూడా అట్లా నమ్మదగిందే అనిపించింది అతనికి. ఆ రోజు పని అయిపోయాక కూడా అతను లేవలేదు. తన పేరు, సారవ్వ పేరు, ఊరి పేరు కొడుతూ కూర్చున్నాడు. సుగుణమణి వద్దనలేదు.

మొదటి షిఫ్టు దిగిపోయాక, ఏరియా ఆఫీసు కంప్యూటర్ సెక్షను నుంచి ప్రశాంత్ వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, మెడలో తాడుకు పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. జీపులోంచి అట్టపెట్టెలు దింపించాడు. పలచటి తెర, నల్లటి పెట్టె, దోసె పెనమంత పలచగా నల్లటి కీబోర్డు.

"కాకా, నీ పాత డబ్బాకు ఇగ రిటైర్మెంటు," అని నవ్వుతూ తీగలన్నీ ఊడదీశాడు.

పాత కీబోర్డును గోడవారగా నేల మీద పెట్టారు. నర్సింగం దానివైపు ఒకసారి చూసి కొత్తదాని ముందు కూర్చున్నాడు. మీట మీద వేలు పెట్టాడు. మీట దిగిందో లేదో తెలియలేదు. ఇంకాస్త నొక్కాడు. తెర మీద నాలుగు అంకె వరుసగా బారులు తీరింది. చెరిపాడు. చెరిపే మీట కూడా ఎక్కువసేపు నొక్కినట్టున్నాడు, వరస మొత్తం పోయింది.

అప్పుడే జనరల్ షిఫ్టుకు గట్టయ్య వచ్చాడు. గనిలో దుంగలు నిలబెట్టే పని అతనిది. ఇద్దరూ ఒకే ఏడు కొలువులో చేరారు. కిటికీ దగ్గర నంబరు చెప్పి నిలబడ్డాడు. లోపల్నుంచి చప్పుడు రాలేదు.

"ఏంది బావా, కొడ్తలేవా?"

"కొట్టిన."

"మరి ఇనబడలే?"

"కొత్తది. ఇనబడదు."

"పడ్డదా మరి?"

నర్సింగం తెర వైపు చూశాడు. అక్కడ గట్టయ్య పేరు లేదు. ఎవరిదో మందమర్రి నుంచి బదిలీ మీద వచ్చినవాడి పేరుంది. అతను పడ్డదనలేదు, పడలేదనలేదు. సుగుణమణి వెనక నుంచి వంగి, చేయి చాచి తప్పు దిద్దింది.

"పడ్డది గట్టయ్యా, నువ్వు పో," అంది.

ప్రశాంత్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "కొత్తల అందరికి గిట్లనే ఉంటది కాకా. నాలుగు రోజులు ప్రాక్టీస్ చెయ్యి. కానీ చేతగాదంటే ఇప్పుడే చెప్పు. ఈ సీటుకు ఇంకొకల్ను అడుగుత. నిన్ను వేరే పనికి ఏస్తరు."

వేరే పని అంటే మళ్లీ వైద్య పరీక్ష. నర్సింగానికి అది తెలుసు, సుగుణమణికీ తెలుసు. ఆమె తన కాగితాల వైపు చూస్తూ కూర్చుంది. అతని చేతుల సంగతి ఆమె ఎప్పుడో గ్రహించింది. అతను చెప్పలేదు గనక ఆమె అడగలేదు.

క్యాంటీను నుంచి టీ వచ్చింది. పొగలు కక్కుతున్న గాజు గ్లాసును నర్సింగం నాలుగు వేళ్లతో చుట్టి పట్టుకున్నాడు. అట్లాగే పట్టుకుని ఉన్నాడు. ప్రశాంత్ తన గ్లాసును అంచు దగ్గర పట్టుకుని ఊదుకుంటూ, అతని వేళ్లు ఎర్రబడడం చూశాడు.

"కాకా, కాలుతలేదా?"

నర్సింగం గ్లాసు కింద పెట్టాడు.

"నా చేతులు సచ్చిపోయినయ్ సారూ," అన్నాడు. "బొగ్గుబాయిల మిషను పట్టి పట్టి సచ్చినయ్. ఎవలకు చెప్పలే. ఆ పాతదైతే కొట్టినట్టు ఎముకకు తెలుస్తది. ఇది కొడ్తే గాలిల కొట్టినట్టున్నది. నేను నేర్సుకోనని కాదు. నాకు తెలుస్తలేదు."

అన్నాక అతనికి ఒళ్లంతా ఖాళీ అయినట్టనిపించింది. ఇన్నేళ్లు దాచిన మాట ఇంత చిన్నదా అనుకున్నాడు.

ప్రశాంత్ లేచి వెళ్లి గోడవారగా ఉన్న కీబోర్డును ఎత్తబోయి, బరువుకు రెండో చేయి కూడా వేశాడు. బల్ల మీద పెట్టి, తీగ ఎక్కడా తగిలించకుండానే, ఊరికే కొట్టడం మొదలుపెట్టాడు. పది వేళ్లతో, వేగంగా. గది నిండా వడగళ్లు పడ్డట్టు చప్పుడు. ఆపి, మళ్లీ కొట్టాడు. మొహంలో ఏదో సంతోషం.

"హైదరాబాదుల నేను కోర్సు నేర్సుకున్న కాడ ఇసొంటిదే ఉండె," అన్నాడు. "నైటు హాస్టల్‌ల పండుకున్నంక గూడ చెవుల్ల ఇదే చప్పుడు. మళ్ల ఏడ దొరకలే నాకు. దీంట్ల ఒక్కో బటను కింద ఒక్కో స్ప్రింగు ఉంటది కాకా. అది వంగినప్పుడే టక్కుమంటది. కొత్తయాట్ల అన్నిటికి కలిపి ఒక్కటే రబ్బరు షీటు. ఇప్పుడు గిట్లాంటియి ఎవలు చేస్తలేరు. తెలిసినోళ్లు ఎతికి ఎతికి తెచ్చుకుంటున్నరు."

"స్ప్రింగా?" అన్నాడు నర్సింగం. ఇన్నేళ్లుగా తన వేలికి ఎదురు నిలిచింది ఏమిటో అతనికి ఇప్పుడు తెలిసింది.

ప్రశాంత్ కొత్త పెట్టె వెనక్కి వంగి చూశాడు. పాత కీబోర్డు తీగ చివర లావు మూతి, పెట్టెకు ఉన్నది సన్నటి రంధ్రం. రెండూ కలవవు. గడియారం చూసుకుని, ఎవరితోనూ చెప్పకుండా జీపెక్కి వెళ్లిపోయాడు.

"పోయిండా?" అన్నాడు నర్సింగం.

"పోయిండు," అంది సుగుణమణి. "నువ్వు టీ తాగు."

రెండో షిఫ్టువాళ్లు వరుస కట్టే వేళకు జీపు తిరిగి వచ్చింది. ప్రశాంత్ చేతిలో బొటనవేలంత ముక్క ఉంది. ఒకవైపు లావు మూతి, ఇంకోవైపు సన్నటిది. స్టోరులో పాత సామాన్ల పెట్టె అంతా గుమ్మరించి వెతికాడట. దుమ్ముతో చొక్కా పాడైంది. బల్ల కింద దూరి తగిలించాడు.

"కొట్టు కాకా."

నర్సింగం కొట్టాడు. టక్కుమంది. కొత్త తెర మీద అంకె ఒక్కటే పడింది. కిటికీ బయట నిలబడ్డవాళ్లలో ఎవరో "ఆఁ, గిట్ల కొట్టాలె" అన్నారు. సుగుణమణి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

ఆ షిఫ్టుకు వేరే క్లర్కు ఉన్నా, మస్టర్లన్నీ నర్సింగమే వేశాడు. లేవమని ఎవరూ అనలేదు.

ఇంటికి బయల్దేరే ముందు కీబోర్డు మీద మరోసారి బ్రష్షు ఆడించాడు. రోజూ కొట్టే మీటలు నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. కొట్టని వాటికే జిడ్డు పట్టింది. అన్నిటికంటే అన్యాయంగా ఉన్నది క్యూ అక్షరం. పేర్ల జాబితాలు కొట్టేటప్పుడు ఆ అక్షరంతో పేరున్నవాడు గనిలో ఖుద్దూస్ ఒక్కడే ఉండేవాడు. అతను రిటైరయి కొత్తగూడెం వెళ్లిపోయాక దాని అవసరం పడలేదు. గోరుతో పైకి లాగితే మీట టోపీలా ఊడి వచ్చింది. కింద తెల్లటి మొలక మిగిలింది. ఇంట్లో సబ్బునీళ్లతో కడిగి తెద్దామని రుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాడు.

క్వార్టర్ ముందు సారవ్వ బియ్యం ఏరుతోంది. అతను గడప మీద కూర్చున్నాడు.

"చేతుల సంగతి చెప్పిన," అన్నాడు.

ఆమె చేట కింద పెట్టింది. "ఎవలకు?"

"కంప్యూటర్ సారుకు. సుగుణక్క గూడ ఉన్నది."

"ఏమన్నరు?"

"ఏమనలే. వైరు జోడిచ్చిండు."

సారవ్వకు సగమే అర్థమైంది. అయినా అతని మొహం చూసి తేలికపడింది. "ఇన్నొద్దులు ఊకెనే భయపడ్డం," అంది.

"అవ్, ఊకెనే."

అన్నం తిన్నాడు. నల్లా దగ్గర చాలాసేపు ఏదో కడిగాడు. తర్వాత అరుగు మీద మంచం వాల్చుకుని, చొక్కాతోనే పడుకున్నాడు. ఎండ మెల్లగా గోడ ఎక్కిపోయింది. పక్క క్వార్టర్లో ఎవరో రేడియో పెట్టారు. ఉక్కగా ఉంది, కనీసం గుండీలన్నా విప్పుదామని సారవ్వ వంగింది. రెండో గుండీ దగ్గర ఆమె చేయి ఆగింది. అరచేయి అతని ఛాతీ మీద ఆనించి అట్లాగే ఉంచింది. చాలాసేపు ఉంచింది. తర్వాత పొద్దున తను పెట్టిన గుండీని మళ్లీ పెట్టి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆమె గొంతు విని గట్టయ్య పరుగెత్తుకొచ్చేసరికి చుట్టుపక్కల వాళ్లంతా అక్కడే ఉన్నారు. నిద్రలోనే పోయాడని దవాఖాన నుంచి వచ్చిన డాక్టరు చెప్పాడు.

మర్నాడు మొదటి షిఫ్టుకు సుగుణమణి అతని కుర్చీలో కూర్చుని మస్టర్లు వేసింది. కిటికీ బయట ఒక్కొక్కరూ నంబరు చెప్పి, చప్పుడు విని, కదిలిపోయారు. ఆ పొద్దు పడ్డదా అని ఎవరూ అడగలేదు. పై వరుసలో ఒక మీట లేకపోవడం ఆమె అప్పుడే చూసింది. బల్ల కింద వెతికింది, బుట్టలో వెతికింది. అది లేకున్నా పని ఆగలేదు.

సాయంత్రం క్వార్టర్‌కు వెళ్లింది. సారవ్వ పక్కన కూర్చుని, చాలాసేపు ఆమె చేయి పట్టుకుంది. లేవబోతుంటే సారవ్వే కిటికీ వైపు చూపించింది.

"అక్కా, గదేందో నాకు తెల్వది. నిన్న వచ్చి రుద్ది రుద్ది కడిగిండు. మీ ఆఫీసుదేమో, కొంచవోతవా?"

సుగుణమణి దగ్గరికి వెళ్లి చూసింది. తీసుకోవడానికి చేయి చాపి, ఆగింది.

"ఉండనియ్ సారవ్వా," అంది. "ఆడ పని ఆగుతలేదు."

కిటికీ గట్టున పరిచిన రుమాలు మీద, పూర్తిగా ఆరిపోయి, చిన్న టోపీలా క్యూ అక్షరం ఉంది.