ఎర్ర అట్ట

తొండియార్‌పేటలో మార్కెట్టు వెనక, తెలుగు సంఘం వాళ్ళ మేడమీద, మధ్యాహ్నం మూడింటికి ఆడవాళ్ళకు తెలుగు అక్షరాలు నేర్పుతారు. అరవై ఏళ్ళొచ్చాక నోరు తెరిచి తెలీదని చెప్పడం ఎవరికైనా కష్టమే. అందుకని మృణాళిని టీచరు అందరికీ మూడేసి అట్టముక్కలు ఇచ్చింది. పాఠం అర్థమైతే పచ్చది ఎత్తాలి. సగమే అయితే పసుపుది. అసలేమీ అర్థం కాకపోతే ఎర్రది. ఎర్రది ఎత్తినవాళ్ళ పక్కకు టీచరమ్మ ముక్కాలిపీట లాక్కుని వచ్చి కూర్చుంటుంది.

కస్తూరి రోజూ ఎర్రదే ఎత్తేది.

మొదటి నెల నిజంగానే తెలీక ఎత్తింది. వత్తులు, గుణింతాలు అన్నీ చేతికొచ్చాక కూడా ఎత్తింది. టీచరమ్మ పక్కన కూర్చుని వేలు పట్టుకుని అక్షరం వెంట నడిపించేది. ఆ చేయి సుద్దపొడి వాసన వేసేది. ఐదు నిమిషాలు, అంతే. భర్త వెంకట్రామ్ పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆసుపత్రిలో నాడి చూసిన నర్సు తప్ప కస్తూరి చేయి పట్టుకున్నవాళ్ళు లేరు. పిల్లలు లేరు. తలుపు కొట్టేది నీళ్ళ క్యాను తెచ్చే ఆరుముగం ఒక్కడే. "క్యాన్, అమ్మా" అంటాడు, దించి పోతాడు. ఎన్నూరు వైపు పోయే లారీలకు కిటికీ రెక్కలు టకటకా కొట్టుకుంటాయి. ఒకసారి ఆ చప్పుడుకే "ఆ, వస్తా ఉండా" అని లేచి తలుపు దాకా వెళ్ళింది.

పక్క కుర్చీలో రాసాత్తి ఊరుకునే మనిషి కాదు. "ఏమక్కా, నీ పచ్చ అట్టకు కొత్త వాసన ఇంకా పోలేదే! దాన్ని కూడా ఒకదినం గాలికి చూపించరాదూ?"

"నాది మట్టిబుర్ర కదే, ఏం చేసేది?"

"మట్టిబుర్రా? మొన్న మా తమ్ముడింటి పెండ్లిపత్రిక గడగడా చదివిందెవురో మరి!"

కస్తూరి తల వంచుకుని పలక తుడిచింది.

ఇంటికి పోయేముందు అందరూ ఒక చీటీ మీద 'ఇంకా అర్థం కానిది' రాసి బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. మాధవరం పోయే బస్సులో టీచరమ్మ వాటిని చదివి, కింద జవాబు రాసి, మరునాడు తలుపు బయట మేకుకు గుచ్చి పెడుతుంది. కస్తూరి చీటీలో ఎప్పుడూ ఒకే మాట ఉండేది: 'అన్నీ'.

ఆరు నెలలకు పరీక్ష వచ్చింది. ఇరవై బొమ్మలు. ఒక్కో బొమ్మ కింద నాలుగు మాటలు, సరైనదానికి టిక్కు పెట్టాలి. పన్నెండు వస్తే పాసు. పాసైనవాళ్ళు కుర్చీ ఖాళీ చెయ్యాలి, గదిలో పదహారు మందికే చోటు.

బిందె బొమ్మ కింద బండి, బిందె, బల్లి, బుట్ట అని ఉంది. కస్తూరి 'బిందె' చదివింది, 'బల్లి'కి టిక్కు పెట్టింది. గొడుగుకు 'గుర్రం' అంది. కుర్చీ బొమ్మ దగ్గర కాసేపు పెన్సిలు ఆగింది. తర్వాత 'కత్తెర' దగ్గరికి పోయింది.

మరునాడు అందరూ చీటీలు రాసుకుంటూ ఉంటే టీచరమ్మ ఆమెను బల్ల దగ్గరికి పిలిచింది.

"కస్తూరమ్మా, ఇరవైకి సున్నా."

"చెప్తిని కదా టీచరమ్మా, నాకు ఎక్కదని. ఇంకో ఆర్నెల్లు ఈడే కూర్చుంటా లెండి."

"కండ్లు మూసుకుని టిక్కులు పెట్టినా నాలుగైదు తగులుతాయమ్మా. ఒక్క అక్షరం పలకలేని అంజలైకే ఆరు వచ్చినాయి." టీచరమ్మ గొంతు తగ్గించింది. "అన్నీ తప్పు పెట్టాలంటే అన్నీ తెలిసుండాల."

బల్లమీద కస్తూరి అట్టలు మూడూ ఉన్నాయి. ఎర్రది మూలలు నలిగి గుడ్డలా మెత్తబడింది. పచ్చది ఇచ్చిననాటి లాగే ఉంది.

"ఎందుకమ్మా ఇట్లా?"

కస్తూరి కొంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది.

"చోటు కోసం పదకొండు మంది కాచుకుని ఉండారు," అంది టీచరమ్మ. "నేను మిమ్మల్ని పాస్ చెయ్యక తప్పదు."

"సెరి, చెయ్యండి."

రాసాత్తి చప్పట్లు కొట్టింది. "అట్లా చెప్పు! స్వీటు ఎప్పుడక్కా?" గదంతా నవ్వింది. కస్తూరి కూడా నవ్వి, చీటీ తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. ఈసారి 'అన్నీ' అని రాయలేదు. చాలాసేపు రాసి, నాలుగు మడతలు పెట్టి, డబ్బాలో వేసి మెట్లు దిగిపోయింది.

'రేపు మూడు గంటలకు నేను ఎక్కడికి పోవాలి?'

మరునాడు రెండున్నరకే తల దువ్వుకుని, చీర మార్చుకుంది. చెప్పులు వేసుకున్నాక గుర్తొచ్చింది. చెప్పులతోనే మంచం అంచున కూర్చుంది. లారీ పోయింది, కిటికీ కొట్టుకుంది, ఆగింది. మూడు దాటింది. ఈ పాటికి మేడమీద పలకలు తీసి ఉంటారు. మేకుకు చీటీలు గుచ్చి ఉంటారు. తనదీ అందులో ఉంటుంది కదా. రాసిన చీటీకి జవాబు తెచ్చుకోను పోతే ఎవురేమంటారు?

మెట్లెక్కింది. తన కుర్చీలో ఎవరో కొత్తామె, చేతిలో ఎర్ర అట్ట. టీచరమ్మ పీట లాక్కుని ఆమె పక్కనే కూర్చుని ఉంది, వేలు పట్టుకుని 'అ' దిద్దిస్తూ ఉంది. ఎవరూ తలెత్తలేదు.

కస్తూరి మేకు దగ్గర తన చీటీ వెతికింది. కింద జవాబు రాసే చోటు ఖాళీగా ఉంది. వెనక్కి తిప్పి చూసింది, ఆ పక్కా ఏమీ లేదు. చీటీకి గుండుసూదితో ఒక ఎర్ర అట్ట గుచ్చి ఉంది. కొత్తది. దానిమీద మూలగా, చిన్నగా 'మృణాళిని' అని పేరు.

అన్నిటికీ జవాబు తెలిసిన మనిషి, తనకూ తెలీదని ఎత్తిన ఎర్ర అట్ట. కస్తూరి దాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడింది. అది ఎత్తినవాళ్ళ పక్కకు వెళ్ళి ఏం చెయ్యాలో ఈ గదిలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

గడప బయట చెప్పులు విడిచింది. లోపల ఖాళీ కుర్చీ లేదు. టీచరమ్మ పీట వెనకగా, గోడ పక్కన నిలబడింది.